తాగినవాణ్ని మళ్లీ అడగరు

ఆమె పోయిన సంగతి నాకు మున్సిపాలిటీ గేటు పక్కన జిరాక్స్ తీసేవాడు చెప్పాడు. నా కాగితాన్ని మిషన్ మీద పరుస్తూ, తల ఎత్తకుండానే, "నీ జోడి పోయిందట గద కాకా, ఆ కోయామె. దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే అయిపోయిందట" అన్నాడు. ఆ ఊపులోనే "ఒక్క కాపీ చాలా?" అన్నాడు. ఆ రెండో మాట నేను మరిచిపోను.

జోడి అని మాకు పేరు పెట్టింది ఆఫీసు అటెండరు. సోమవారం అర్జీలు తీసుకునే రోజు. గనిలో నౌకరీ అయిపోయిన నాటి నుంచి నేను సోమవారాలు మానలేదు. పై వీధి మోరీ నీళ్లన్నీ మా గేటు ముందు పడతాయి. ఆ మోరీ తిప్పమని నా అర్జీ. నాకు కుర్చీ చూపించనివాళ్లు, నా కాగితం మీద టీ గ్లాసు పెట్టినవాళ్లు, "మళ్లొచ్చిండు" అని పక్కవాడికి కన్ను గీటినవాళ్లు, ఒక్కొక్కరి ముఖం నాకు గుర్తే. ఆమెను గుర్తుపెట్టుకోవడానికి మాత్రం అలాంటి కారణం లేదు. ఆమె నన్ను ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. ఎగతాళి చేసేది, అది వేరు సంగతి.

పేరు రాయను. పోయిన మనిషి పేరు కొన్నాళ్లు పైకి అనొద్దని వాళ్ల గుంపు పెద్ద చెప్పాడు.

మొదటిసారి చూసినప్పుడు ఆమె నా చోటులో కూర్చుని ఉంది. ఆఫీసు ఆవరణలో మధ్యాహ్నం దాకా నీడ ఉండేది ఒక్క గోడ పక్కనే. అక్కడ ఆమె, ఇంకొందరు ఆడవాళ్లు, ఒక ముసలాయన. ఛత్తీస్‌గఢ్ వైపు గొడవలకు భయపడి వచ్చిన గుత్తికోయలు. ముందు లోపలి అడవిలో ఉండేవాళ్లు. మిరప ఏరడానికీ ఇటుక బట్టీలకూ దగ్గరవుతుందని ఇప్పుడు మా ఊరి చివర, అటవీ శాఖ తవ్వించిన కందకం పక్కన గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల వాడనే గుంపు అంటారు. ఏటేటా గుడిసెలు పెరుగుతున్నాయి. ఆ సోమవారం వాళ్లు పొద్దంతా అలాగే కూర్చున్నారు. ఒక్కరూ కిటికీ దగ్గరకు పోలేదు, ఒక్క మాట అనలేదు. సాయంత్రం ఆఫీసు తలుపులు వేస్తుంటే లేచి, బట్టలు దులుపుకొని, పని అయిన వాళ్లలా నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

పై సోమవారం మళ్లీ నా నీడలోనే ఉన్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఏందమ్మా, ఎందుకొచ్చిండ్రు మీరు? పొద్దుందాక ఊకె కూసునుడేంది?" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. తన తొడ మీద తానే చరుచుకుని నవ్వింది. ఆమె నవ్వు ఎప్పుడూ అంతే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వు కాదు. తన వాళ్ల వైపు తిరిగి కోయలో ఏదో అంటే అందరూ నవ్వారు.

"అడిగిండు!" అంది తెలుగులో. "ఇంత మంది ఉన్న ఇంట్ల ఒక్క మనిషి అడిగిండు! దాదా, ఈ ఇల్లు నీదేనా?"

వాళ్ల గుంపులో ఒక పద్ధతి ఉంది. అవసరం పడి ఒకరి ఇంటికి పోయినవాళ్లు వాకిట్లో కూర్చోవాలి. నోరు తెరవకూడదు. ఇంటివాళ్లే బయటికి వచ్చి, ఎందుకొచ్చారని అడగాలి. అడగకముందే చెప్పుకుంటే ఇంటివాళ్లకు కళ్లు లేవని తిట్టినట్టు. మొదటి సోమవారం ఎవరూ అడగలేదు. లోపల పెద్ద పని ఉన్నట్టుంది, మనల్నయితే చూశారు, చాలు అనుకుని పోయారట. పొద్దంతా అటెండరు వాళ్ల కాళ్ల మీదుగా దాటుకుంటూ తిరిగాడు. అతను వాళ్లను గమనించాడనే ఆమె నమ్మింది.

వాళ్లకు కావలసింది నీళ్లు. గుంపుకు బోరు లేదు. వాగు ఇసుకలో చెలమ తీసుకుని, ఊరిన నీళ్లు చిప్పతో తోడుకుని తాగుతున్నారు. వాగుకు పైన బట్టీవాళ్ల పశువులు దిగుతాయి. వేసవిలో చెలమ అడుగంటితే పిల్లలకు వాంతులు, విరేచనాలు. అంతకుముందు ఎండాకాలం పిల్లలు పోయారు. ఎందరని నేను అడగలేదు.

ఆఫీసులో నోరు తెరవడం ఆమెకు నేర్పింది నేనే. కిటికీ దగ్గర నిలబడాలి, గట్టిగా మాట్లాడాలి, "రేపు రా" అంటే ఏ రేపని అడగాలి. "మనం పోయి మనమే చెప్పుకునుడా? సిగ్గు గాదా దాదా?" అనేది. కానీ తొందరగానే నేర్చింది. మిరప తోటల్లో నేర్చిన తెలుగు ఆమెది. ఎవరినైనా నువ్వు అనేది. కమిషనరునూ నువ్వే అంది.

"మీది అవతలి రాష్ట్రం. అక్కడ అడుగుపోర్రి" అన్నాడు ఒకసారి కిటికీలోని గుమాస్తా.

"నిన్న ఊరు ఊడ్చింది ఎవరు? మీ స్లాబు పోసింది ఎవరు? అప్పుడు అవతలి రాష్ట్రం అనలే నువ్వు."

"గుడిసెలు కందకానికి అవతలున్నయి. అది ఫారెస్టు. మా హద్దు గాదు."

"ఫారెస్టోడు ఇవతల అంటడు. నువ్వు అవతల అంటవు. కందకంల ఉండాల్నా మేము?"

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. గుమాస్తా కూడా నవ్వాడు. నవ్వి, కిటికీ వేసి, అన్నానికి పోయాడు. మా ఆఫీసులో ఇదే పద్ధతి. తిడితే కోపం తెచ్చుకుంటారు, నవ్విస్తే నవ్వుతారు. పని మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

కుర్చీ సంగతి చెప్పాలి. ఒకసారి వరండాలో కుర్చీ ఖాళీగా ఉంటే నేనే ఆమెను కూర్చోమన్నాను. లేచాక అటెండరు పాత గుడ్డ తెచ్చి, ఆమె చూస్తుండగానే, ఆ కుర్చీ తుడిచాడు. నేను లేచాక ఏ రోజూ తుడవలేదు. పై వారం ఆమె అదే కుర్చీలో కూర్చుంది. అటెండరు గుడ్డ తీసుకుని వచ్చేలోగా తానే లేచి, కొంగుతో కుర్చీని మూలమూలలా, కోళ్లతో సహా తుడిచి, "ఇగ కూసో దాదా, మంచిగ తుడిచిన" అని అతనికి చూపించింది. అతను గుడ్డతో అలాగే నిలబడిపోయాడు. ఆ తర్వాత ప్రతి సోమవారం అదే పని. కూర్చోవడం, లేవడం, తుడవడం, అతన్ని పిలిచి కూర్చోమనడం. చివరకు ఆమె కనబడితే అతను మెట్ల కిందికి పోయేవాడు. నేను ఇన్నేళ్లుగా అవమానాలు దాచుకుంటున్నవాణ్ని, తిరిగి ఇవ్వడం ఎలాగో ఆమె దగ్గర చూశాను.

ఆఫీసులో నీళ్ల ఇంజనీరు ఒకడుండేవాడు. కుర్రవాడు, కోస్తా వైపు వాడు, మెత్తటి మనిషి. నేను మరిచిపోని ముఖాల జాబితాలో అందరికన్నా పైన ఉన్నది అతనే. తిట్టినవాడికి బదులు తిట్టి ఇంటికి పోయి అన్నం తినవచ్చు. మెత్తగా మాట్లాడినవాణ్ని ఏం చేస్తాం?

మిరప ఏరే రోజులు. గుంపంతా జూలూరుపాడు వైపు తోటలకు పోయింది. ఆ సోమవారం ఆమె ఒక్కతే వచ్చింది, నాతో నిలబడింది. ఇంజనీరు వరండాలోకి వచ్చి, కిటికీవాళ్లలా కాకుండా ఆమె ముందు ఆగి, "ఏంటమ్మా, ఎందుకొచ్చావు?" అన్నాడు.

ఆమె ముఖం నేను చూశాను. అన్ని సోమవారాల్లో ఆ ఆఫీసు మనిషి ఒకడు తనంతట తాను అడగడం అదే మొదలు. ఆమె గట్టిగా మాట్లాడలేదు. నేను నేర్పినదంతా పక్కన పెట్టి, తల దించుకుని, నెమ్మదిగా చెప్పింది. చెలమ, పశువులు, పిల్లలు.

"సరేనమ్మా. ఎండలు ముదరకముందే బోరు వేయిస్తాను. హద్దు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు వెళ్లు" అన్నాడు.

ఆమె భుజానికి ఎప్పుడూ ఎండిన సొరకాయ బుర్ర వేలాడేది, తాగే నీళ్లకు. అది తీసి, మూతికి చుట్టిన ఆకు విప్పి, రెండు చేతులతో అతని ముందు పట్టింది. అతను నా వైపు చూశాడు. చుట్టూ జనం. "తాగండి సార్" అన్నాను, నాకు మాత్రం ఏం తెలుసు. అతను నవ్వి, బుర్ర ఎత్తి, ఒక గుక్క మింగాడు. గొంతు కదలడం కూడా నేను చూశాను. ఆమె ఆకు చుట్టి బుర్ర మూతి కట్టి, ఇంకో మాట మాట్లాడకుండా గేటు దాటింది. వెనకాల నేను దాదాపు ఉరికాను.

"ఏందే చెల్లె, గట్ల పోతున్నవ్? కాగితం మీద రాయించుకోవద్దా?"

"తాగిండు గద దాదా."

"తాగితే?"

"మాట ఇచ్చినోడు అడిగినోళ్ల నీళ్లు తాగితే అయిపాయె. మాట కడుపులకు పోయింది. ఇగ అడగొద్దు. తాగినోణ్ని మల్ల అడిగితే నువ్వు అబద్ధపోడివి అన్నట్టు. గట్ల అంటే ఆ నీళ్లు మనమీదికే తిరుగుతయి."

ఆ రోజు ఆమె నడిచినంత తేలికగా నడిచిన మనిషిని నేను చూడలేదు. జేబులో చిల్లర ఉంటే మిరపకాయ బజ్జీలు కొనిచ్చాను. ఒకటి తిని, మిగతావి కొంగులో కట్టుకుని, గుంపుకు పోయి చెప్తానని పోయింది.

పై సోమవారం రాలేదు. ఆ పైదీ రాలేదు. బోరు లారీ కూడా రాలేదు. ఎండలు ముదిరాయి. నేనే గుంపుకు పోయాను. ఆమె వాగులో ఉంది. చెలమ మనిషి నడుము లోతుకు పోయింది. ఆమె అందులోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, చిప్పతో గీకుతోంది. చిప్పలోకి నీళ్ల కన్నా ఇసుకే ఎక్కువ వస్తోంది. గుడిసెల వైపు నుంచి చిన్నపిల్ల ఏడుపు ఆగకుండా వినిపిస్తోంది.

"సోమారం రా చెల్లె. అందర్నీ తీస్కరా. గేటు ముంగట కూసుందాం."

"రాను."

"ఎందుకు రావు?"

"వాడు తాగిండు."

"వాడు మర్యాదకు తాగిండే!"

ఆమె చిప్ప ఆపి పైకి చూసింది. "మర్యాదకే గద దాదా తాగేది. ఇంకెందుకు తాగుతరు?"

అయినా నేను ఊరుకోలేదు. ఆఫీసువాళ్లకు ఆ పద్ధతి తెలియదని, వాళ్లకు అరిచినవాడే కనపడతాడని చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది.

"నువ్వు అరుస్తనే ఉన్నవు గద! నీ మోరీ ఏమైంది? వాళ్లల్ల ఒక్కడన్న నీ నీళ్లు తాగిండా? తాగలే. అందుకే కాలే. నాది తాగిండు. నాది అయితది."

చెలమ గట్టు మీద గుంపు పెద్ద కూర్చుని ఉన్నాడు, మొదటి రోజుల్లో ఆఫీసుకు వచ్చిన ఆ ముసలాయనే. అతనూ మిగతావాళ్లూ ఆమె ముఖంలోకి చూస్తున్నారు. అప్పుడు నాకు అర్థమైంది. ఇంజనీరు తాగడం వాళ్లెవరూ చూడలేదు. తాగాడని వాళ్లకు చెప్పింది ఆమె. ఆమె మాట మీదే అంతమంది అడగడం మాని, ఆ ఇసుక గీక్కుంటూ కూర్చున్నారు. మళ్లీ ఆఫీసుకు పోతే, తాగలేదని తానే ఒప్పుకున్నట్టు. ఆమెకు వెనక్కి తోవ లేదు.

నేను ఇంజనీరు దగ్గరకు పోయాను.

"పెద్దాయనా, వాళ్లెవరూ రావడం లేదు కదా?" అన్నాడు అదే మెత్తటి గొంతుతో. "ఇదివరకు వారం వారం వచ్చేవాళ్లు. ఇప్పుడు రావడం మానేశారంటే ఏదో సర్దుబాటు అయినట్టే. అవసరమున్నవాళ్లు అడుగుతారు."

"మీరు తాగిండ్రు గనక అడుగుతలేరు సార్." వాళ్ల పద్ధతంతా చెప్పాను. గుంపుకు వచ్చి చెలమ చూడమన్నాను.

అతను నవ్వాడు. "అమ్మో, ఆ నీళ్లా! ఆ ఒక్క గుక్కకే నాకు రెండు రోజులు విరేచనాలు పెద్దాయనా. సెలవు పెట్టాను."

ఈ మాట నేను ఇక్కడ రాస్తున్నది ఎవరూ మరిచిపోకూడదని. ఆ నీళ్లు ఎలాంటివో ఆ ఆఫీసు మొత్తంలో కడుపుతో తెలుసుకున్నవాడు అతను ఒక్కడే. తెలుసుకుని సెలవు పెట్టాడు.

నా పేరు మీద అర్జీ ఇచ్చాను. హద్దు తేలాలని రాసిచ్చారు. అటవీ శాఖకు పోతే, ఆఫీసరు క్యాంపులో ఉన్నాడన్నారు. తిరిగి వస్తే ఇంజనీరు మీటింగులో ఉన్నాడన్నారు. గుంపులో ఇంటింటా విరేచనాలు పట్టుకున్నాయి. ఆమె పిల్లల్ని ఒక్కొక్కరినే భుజాన వేసుకుని తారు రోడ్డు దాకా మోసి, ఆటో ఎక్కించి దవాఖానకు పంపేదట. పిల్లలు బతికారు. చివరకు ఆమెకే వచ్చింది. పెద్దవాళ్లందరూ పడకేసి ఉన్నారు, ఆమెను మోయడానికి ఓపిక ఉన్నవాళ్లు దొరికేసరికే ఆలస్యమైంది. జిరాక్స్ వాడు చెప్పిన తోవ అదే.

నేను పోయేసరికి ఆమె గుడిసె లేదు. కాల్చేశారు, వాళ్ల ఆనవాయితీ. గుంపుకు ఒకవైపు, అడవిలోకి పోయే బాట పక్కన, పోయినవాళ్ల కోసం నిలబెట్టిన రాళ్లున్నాయి. చిన్నపిల్లలకు కూడా ఉన్నాయి. ఆమె కోసం తెచ్చిన రాయి నేల మీద పడుకోబెట్టి ఉంది.

"నిలబెట్టలేదేంది?" అన్నాను.

గుంపు పెద్ద వచ్చీరాని తెలుగులో అన్నాడు: "తాగిండని చెప్పింది. తాగినోడు చెయ్యకుండ ఉండడు. చెయ్యలే. అంటే తాగలే. అబద్ధం చెప్పింది. నీళ్లు ఆమె మీదికి తిరిగినయి."

"తాగిండయ్యా! నేను పక్కనే ఉన్న. నా కండ్లతోని చూసిన."

"మరి బోరేది?"

ఒక ఆఫీసరు అందరి ముందు నీళ్లు తాగి, మాట ఇచ్చి, మరిచిపోగలడని నేను చెప్పాను. ఎన్ని రకాలుగా చెప్పానో. వాళ్లు విన్నారు. వాళ్ల ముఖాల్లో నా మీద కోపం లేదు, జాలి ఉంది. స్నేహితురాలి కోసం ముసలివాడు అబద్ధమాడుతున్నాడని జాలి. మనిషి అలా చేయగలడని నమ్మడం కన్నా, ఆమె అబద్ధమాడిందని నమ్మడం వాళ్లకు తేలిక. ఆమె మోసిన పిల్లల తల్లులు కూడా అక్కడే ఉన్నారు. ఒకామె ఏడుస్తోంది. అయినా రాయి లేపలేదు.

ఆ రాయి లేవడానికి ఒక్కటే దారి ఉందన్నాడు పెద్ద. తాగినవాడు వచ్చి, రాయి ముందు నిలబడి, తాగానని చెప్పాలి.

ఇంతకన్నా చిన్న కోరిక ఆ ఆఫీసును ఇంతవరకు ఎవరూ కోరలేదు. బోరు వద్దు, హద్దు తేల్చొద్దు, సంతకం అక్కర్లేదు. ఒక్క మాట. ఇంజనీరు గదిలోకి పోయి చేతులు జోడించాను. ఇన్నేళ్లలో ఆ ఆఫీసులో ఎవరికీ జోడించలేదు. అతను లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"నేను అక్కడికి వచ్చి ఆ మాట అంటే చావు నా మెడకు చుట్టుకుంటుంది పెద్దాయనా. పేపరువాళ్లు వస్తారు. నాకు పిల్లలున్నారు."

"తాగిండ్రు గద సార్. అది నిజమే గద."

"నేను తాగలేదు" అన్నాడు. మెత్తగానే అన్నాడు. "పెదవులకు ఆనించానంతే. మీకు వయసైంది, సరిగా చూసి ఉండరు."

విరేచనాల సంగతి గుర్తు చేశాను. అది పెళ్లిలో తిన్న భోజనం వల్ల అన్నాడు.

ఇప్పుడు నా మోరీ గురించి అడగడం మానేశాను. మురుగు అలాగే మా గేటు ముందు పడుతోంది, పడనీ. ప్రతి సోమవారం ఒకటే అర్జీ రాస్తున్నాను: ఈ కార్యాలయపు ఇంజనీరు ఫలానా ఆమె చేతి నీళ్లు తాగిన మాట వాస్తవమని, ఆయనను ఆ గుంపుకు పంపి చెప్పించగలరు. గుమాస్తా మొదటి వారం రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత పక్క కిటికీవాళ్లను పిలిచి చదివి వినిపించాడు. ఇప్పుడు చదవకుండానే ముద్ర వేస్తున్నాడు.

మొన్న మాత్రం ముద్ర చేతిలోనే పట్టుకుని ఆగాడు.

"కాకా, నీ మోరీ అడిగితే అర్థముంది. బోరు అడిగితే అర్థముంది. ఆ ఆడమనిషే పోయింది. గుంపు కూడ లేచిపోతదంటున్నరు. సారు నీళ్లు తాగిన అని చెప్తే ఎవలికేం లాభం? ఏమైతది దానితోని?"

"ఒక రాయి లేచి నిలబడతది" అన్నాను. "ముద్ర వెయ్యి."